నాన్న పెట్టెలో దొరికిన పాత ఓల్డ్ స్పైస్ సబ్బు మగ్గు: నురగ రావట్లేదు, సాయం చేయండి

మేడవాక్కం_నెల్లూరోడు · నవంబర్ 9, ఆదివారం

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదలు.

నాన్న పోయి మొన్నటికి ఏడాది. సంవత్సరీకాలు అయ్యాక అమ్మ ఆయన ట్రంకు పెట్టె తాళంచెవి నా చేతికిచ్చి, "నీకు కావాల్సినవి తీసుకో, మిగతావి నేను చూసుకుంటా" అంది. ఒక కోటు, హార్బరు గుర్తింపు కార్డు, రెండు కళ్ళజోళ్ళు, ఒక బ్రష్. అడుగున పాత న్యూస్ పేపర్లో చుట్టి ఈ మగ్గు. తెల్లటి మగ్గు మీద తెరచాపల ఓడ బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో గ్రాండ్ టర్క్ అని ఓడ పేరు. బోర్లిస్తే షల్టన్ అని ఉంది. లోపల సబ్బు సగానికి పైగా అలాగే ఉంది.

నాన్న మద్రాసు హార్బరులో ట్యాలీ క్లర్కు, ఓడ సరుకు లెక్క రాసే ఉద్యోగం. రోజూ గీసుకునేది గోద్రెజ్ షేవింగ్ రౌండు అనే గుండ్రటి సబ్బు బిళ్ళతోనే. ఈ మగ్గు మాత్రం 1970ల్లో బర్మా బజారులో ఇష్టపడి కొనుక్కున్నాడని అమ్మ చెప్పింది. సంక్రాంతి, ఉగాది, దీపావళి, ఇంట్లో పెళ్ళిళ్ళు, అంతే. మామూలు రోజుల్లో దాన్ని ముట్టుకునేవాడు కాదట. అందుకే ఇంత మిగిలింది.

ఈ రోజు పొద్దున ప్రయత్నించాను. నా బ్రష్షే తడిపి, మూడు నిమిషాలు తిప్పాను. మొదట పాలు కలిపిన నీళ్ళలా వచ్చింది. ఇంకొంచెం తిప్పితే పాలు విరిగినట్టు చిన్న చిన్న తరకలు కట్టింది. బ్రష్ చివర జిగటగా అయిపోయింది. అయినా ముఖానికి పూసి, జిల్లెట్ సేఫ్టీ రేజర్లో 7 ఓ క్లాక్ బ్లేడు వేసి గీశాను. బ్లేడు జారలేదు, పీకింది. చెవి కింద తెగింది కూడా.

సబ్బు చచ్చిపోయిందా? నాకు చేతకావట్లేదా? అసలు ఇన్నేళ్ళ సబ్బు ముఖానికి వాడొచ్చా? ఫొటోలు పెట్టాను, చూడండి.

---

పాతకత్తి · నవంబర్ 9

తమ్ముడూ, ముందు ఆ మగ్గు ఎవరికీ ఇవ్వకు, డిష్ వాషర్లో పెట్టకు.

షల్టన్ అనేది ఓల్డ్ స్పైస్ అసలు కంపెనీ. మగవాళ్ళ కోసం ఈ సరుకు 1938లో మొదలైంది. 1990లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్ళు దాన్ని కొన్నారు. కాబట్టి షల్టన్ పేరున్న మగ్గంటే అంతకు ముందుదే అనుకోవచ్చు. అమ్మగారు చెప్పిన కాలానికి సరిపోతుంది. బర్మా బజారు కూడా సరిగ్గా సరిపోతుంది. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు బీచ్ స్టేషన్ దగ్గర పెట్టుకున్న ఆ కొట్లలో అప్పట్లో ఫారిన్ సరుకు అంటే అదే కదా.

సబ్బు చావదు, ఎండుతుంది. షేవింగ్ సబ్బు మామూలు ఒంటిసబ్బు కాదు. అందులో స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, సోడా సబ్బుతో పాటు పొటాష్ సబ్బు కూడా ఉంటుంది. సోడా వల్ల గట్టిదనం, పొటాష్ వల్ల నీళ్ళలో తొందరగా కరిగే గుణం. యాభై ఏళ్ళు పెట్టెలో ఉంటే లోపలి తేమ అంతా పోయి రాయిలా తయారవుతుంది. పొడి బ్రష్ తో ఎంత రుద్దినా పైపైన జారిపోతుంది.

చేయాల్సింది ఇది. స్నానానికి వెళ్ళే ముందు సబ్బు మీద రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోసి వదిలెయ్. పదిహేను నిమిషాలయ్యాక వేలితో తాకితే పైపొర వెన్నలా జారాలి. ఆ నీళ్ళు పారబోయకు, అందులో సబ్బే ఉంది, అది ముఖానికి పూసుకో. తర్వాత బ్రష్ నీళ్ళు బాగా విదిలించి, తడి ఉందో లేదో అన్నట్టుగా ఉంచి, గట్టిగా అదిమి నలభై యాభై సెకన్లు తిప్పు. తిప్పేటప్పుడు ముందే నీళ్ళు ఎక్కువైతే నురగ పుట్టదు. బ్రష్ మీద ముద్ద చేరాక, చుక్క చుక్కగా కలపాలి.

ఇంటర్నెట్లో చూసి కరిగించి కొత్త అచ్చు పోద్దామనుకుంటావేమో, వద్దు. ఆ వేడికి మిగిలిన కాస్త వాసనా ఎగిరిపోతుంది.

---

కెమిస్ట్రీ_మాస్టారు · నవంబర్ 9

పాతకత్తి గారు చెప్పింది నిజమే, కానీ సగమే. "పాలు విరిగినట్టు తరకలు" అన్నావు చూడు, అక్కడ నాకు అనుమానం సబ్బు మీద కాదు, నీళ్ళ మీద. చెన్నై శివారు మేడవాక్కం అంటే బోరు నీళ్ళా? ట్యాంకరా?

---

మేడవాక్కం_నెల్లూరోడు · నవంబర్ 9

బోరు నీళ్ళే మాస్టారూ. ఎండాకాలం చాలకపోతే ట్యాంకరు. తాగడానికి క్యాను. కుళాయిల చివర తెల్లగా పొక్కు కడుతుంది, రెండు నెలలకోసారి షవరు విప్పి కడగాలి.

---

కెమిస్ట్రీ_మాస్టారు · నవంబర్ 9

అదీ సంగతి. ముప్ఫై ఏళ్ళు గుంటూరులో ఇంటర్ పిల్లలకు కఠిన జలం పాఠం చెప్పి, ఇప్పుడు విల్లివాక్కంలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇది నా సబ్జెక్టు కాబట్టి కాస్త విడమరచి రాస్తాను, ఓపికగా చదువు.

నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాన్ని పట్టేసుకుంటాయి. అలా పుట్టే కాల్షియం స్టియరేట్ నీళ్ళలో కరగదు. నువ్వు చూసిన తరక అదే. బకెట్టు అంచున పేరుకునే తెట్టు కూడా అదే. తాగేనీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. నీ బోరు 500 అనుకుందాం. లెక్క కడితే అలాంటి నీళ్ళు లీటరుకు సుమారు 3 గ్రాముల సబ్బు మింగేస్తాయి. తడి బ్రష్ 20 మిల్లీలీటర్లు పట్టిందనుకో, అందులో 60 మిల్లీగ్రాముల సబ్బు గోవిందా.

ఇది పెద్ద లెక్కా అంటావు. కొత్త క్రీము అయితే బ్రష్ మీద ఒక గ్రాము వేస్తావు, అందులో 60 మిల్లీగ్రాములు పోయినా తెలియదు. రాయిలా ఎండిన సబ్బు నుంచి బ్రష్ కు అంటేది మొత్తం 100, 120 మిల్లీగ్రాములైతే? సగం నీళ్ళకే పోయింది. మిగతా సగాన్ని ఆ తరకలు నిలవనివ్వవు. అంటే నీ ఇంట్లో ఇద్దరు దొంగలున్నారు. ఎవరు ఎంత ఎత్తుకుపోయారో తేలాలంటే నాలుగు పరీక్షలు చెయ్: పాత సబ్బు బోరు నీళ్ళతో, పాత సబ్బు క్యాను నీళ్ళతో, కొత్త సబ్బు బిళ్ళ బోరు నీళ్ళతో, కొత్తది క్యాను నీళ్ళతో. బ్రష్ ఒకటే ఉండాలి, మధ్యలో క్యాను నీళ్ళతో బాగా జాడించాలి. తిప్పే సమయం కూడా ఒకటే. ఫలితం ఇక్కడ రాయి.

---

కోరమంగళ_నాని · నవంబర్ 10

మాకు బెంగుళూరులోనూ ఇదే బాధ అన్నా. కావేరి నీళ్ళొచ్చిన రోజు నురగ ఒకలా, బోరు వేసిన రోజు ఇంకోలా. నేను మగ్గులో నిమ్మచెక్క పిండుతాను, నీళ్ళు మెత్తబడతాయి. ట్రై చెయ్.

పాత సబ్బుల పిచ్చి నాకూ ఉంది. పోయినేడాది ఆన్ లైన్లో ఒకతని దగ్గర "సీలు తీయని పాతది" అని 2,800 పెట్టి కొన్నాను. డబ్బా పాతదే, లోపల బిళ్ళ కొత్తది. వేలిగోరు దిగిపోయింది. డబ్బులు వెనక్కి రాలేదు. నీకు ఇంట్లో దొరికింది చూడు, దాని మీద ఎవరూ సందేహపడక్కర్లేదు.

---

కెమిస్ట్రీ_మాస్టారు · నవంబర్ 10

నాని బాబూ, నిమ్మకాయ ఆలోచన మంచిదే, మోతాదులో వస్తుంది చిక్కు. సిట్రిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది, అది నిజం. కానీ సబ్బు క్షారం. పులుపు ఎక్కువైతే సబ్బు విడిపోయి కొవ్వు ఆమ్లం తేలిపోతుంది, అప్పుడు కాల్షియం లేకపోయినా నురగ విరుగుతుంది. బకెట్టు నీళ్ళకు చిటికెడు వేసేవాళ్ళున్నారు. మగ్గులోకి నేరుగా నిమ్మచెక్క పిండటం మాత్రం వద్దు, అందులోనూ ఈ మగ్గులోకి అసలే వద్దు.

కాచి చల్లార్చినా కొంతే ప్రయోజనం. బైకార్బొనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం కెటిల్ అడుగున సున్నంలా దిగిపోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది ఎంత కాచినా పోదు.

---

పెరంబూరు_లక్ష్మి · నవంబర్ 10

నేను చర్మ వ్యాధుల క్లినిక్ లో నర్సుని. షేవింగ్ గురించి మీకు తెలిసినంత నాకు తెలియదు గానీ రెండు మాటలు చెప్పకుండా ఉండలేను.

మొదటిది, ఆ పెట్టెలో బ్రష్ కూడా ఉందన్నారు. అది వాడకండి. పాతకాలపు జంతు వెంట్రుకల బ్రష్షులు ఎక్కడివో, ఎలా శుద్ధి చేశారో మనకు తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో గుర్రపు వెంట్రుకల షేవింగ్ బ్రష్షుల వల్ల బ్రిటన్ లో, అమెరికాలో ఆంత్రాక్స్ అనే పశువుల జబ్బు సోకి మనుషులు చనిపోయారు. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి షేవింగ్ బ్రష్షుల దిగుమతే ఆపేసింది. మీ నాన్నగారిది అంత పాతది కాకపోవచ్చు. అయినా గుర్తుగా దాచుకోండి, ముఖానికి వద్దు.

రెండోది, సబ్బు. పైపొర మిల్లీమీటరు మేర చెంచాతో గీకి పారేయండి, దుమ్మూ పాత తడీ పోతాయి. ఎక్కడైనా నారింజ రంగు మచ్చలు, నిలవ నూనె కంపు ఉంటే నూనె చెడిందని అర్థం, అక్కడ గీకెయ్యండి. మోచేతి లోపలివైపు కాస్త నురగ రాసి, కడిగి, రెండు రోజులు చూడండి. పాత సుగంధాల్లో మస్క్ ఆంబ్రెట్ అనే పదార్థం వాడేవాళ్ళు. అది రాసుకుని ఎండలో తిరిగితే కొందరికి చర్మం మండి నల్లబడేది, అందుకే తర్వాత మానేశారు. మీ సబ్బులో అది ఉందని అనడం లేదు. కానీ మొదటి రోజు షేవ్ అయ్యాక మన చెన్నై ఎండలో బండి మీద తిరగకండి. మా ఆయన ఒక పాత ఆఫ్టర్ షేవ్ రాసుకుని మూడు వారాలు మెడకు పూతమందు పూసుకున్నారు, ఆ బాధ చూశాను కాబట్టి చెప్తున్నా.

---

చూళైమేడు_సెలూన్ · నవంబర్ 11, మంగళవారం

నమస్కారం సార్. మంగళవారం షాపు సెలవు కాబట్టి ఈ పొద్దు తీరిగ్గా అంతా చదివినా. మాది చిత్తూరు పక్కన పల్లె. చూళైమేడులో సెలూన్ పెట్టి 22 ఏండ్లయింది. మా తాత, మా నాయన అందరిదీ ఇదే పని.

మీ ఫొటో పెద్దది చేసి చూసినా. సబ్బు మధ్యలో అరగలేదు. మగ్గు పిడి కుడిచేత్తో పట్టుకుంటే ఎడమపక్కకు వాలినట్టు గుంట పడింది. మీ నాయనది ఎడమచేతి వాటమా సార్?

ఇంగ పనిమాట. మీరు సబ్బు, నీళ్ళు అంటా ఉండారు, వెంట్రుక సంగతి ఎవురూ చెప్పలా. వెంట్రుక నీళ్ళు తాగితేనే మెత్తబడేది. దానికి రెండు మూడు నిమిషాలు కావాల. మా షాపులో వేడినీళ్ళ టవలు అందుకే వేసేది. మీరు స్నానం చేసినాక గడ్డం తుడవకుండా అట్లనే రాండి. నురగ పూసేటప్పుడు ముందు గుండ్రంగా తిప్పాల, వెంట్రుక లేచి నిలబడతాది, ప్రతి వెంట్రుక మొదులుకీ నురగ పోతాది. ఆ తర్వాత గోడకి సున్నం కొట్టినట్టు ఒకపక్కగా పూసి సాఫీ చేయాల. పైన పొంగినట్టు కనిపించే నురగతో పని లేదు. రెండు వేళ్ళ మధ్య రుద్దితే జారాల, అది ముఖ్యం.

మా నాయన కత్తి పట్టిన మనిషి. తొంభైల్లో ఎయిడ్స్ భయం వచ్చినాక ఆ కత్తి పక్కన పెట్టేసి, సగం బ్లేడు విరిచి పెట్టే కత్తికి మారినాడు. సబ్బు బిళ్ళ మాత్రం చానా రోజులు మానలా. క్రీము అంటే ఆయనకు నచ్చేది కాదు.

---

మేడవాక్కం_నెల్లూరోడు · నవంబర్ 11

అన్నా, ఈ మాట చదివి లేచి నిలబడ్డాను. అవును, నాన్నది ఎడమచేతి వాటమే. బళ్ళో అయ్యవారు కొట్టి కొట్టి కుడిచేత్తో రాయించారు. రాయడం, అన్నం తినడం కుడిచేత్తోనే. కానీ గడ్డం గీసుకునేటప్పుడు, కూరగాయలు తరిగేటప్పుడు, సుత్తి పట్టినప్పుడు ఎడమచెయ్యి వచ్చేసేది. హార్బరులో ఎవరికీ తెలియదని అమ్మ అంటుంది. ఫొటో చూసి ఎలా పట్టారన్నా!

---

చూళైమేడు_సెలూన్ · నవంబర్ 11

మా షాపులో మూడు కుర్చీలు సార్. ఏ బిళ్ళ ఎవురిదో గుంట చూసి చెప్తా.

---

శాకాహారి_మైలాపూర్ · నవంబర్ 12

నాదొక ప్రశ్న. పాత సబ్బుల్లో జంతు కొవ్వు ఉంటుందంటారు. దీంట్లో ఉందా? తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా? మా ఇంట్లో ఇది పట్టింపు. నాకూ సంప్రదాయ షేవింగ్ మీద ఆసక్తి ఉంది గానీ ఇక్కడే ఆగిపోతున్నాను.

---

పాతకత్తి · నవంబర్ 12

పెట్టె మీద పదార్థాల పట్టీ ఉంటే సోడియం టాలోవేట్ అనే మాట వెతకండి, అదే జంతు కొవ్వు. అమెరికాలో ఆ పట్టీ తప్పనిసరి అయింది 1977లో. అంతకు ముందు సరుకైతే ఏమీ రాసి ఉండదు. ఆ కాలపు విదేశీ షేవింగ్ సబ్బుల్లో జంతు కొవ్వు సర్వసాధారణం కాబట్టి, పట్టింపు ఉన్నవాళ్ళు ఉందనుకుని దూరంగా ఉండటమే మేలు. ఇప్పుడు పామాయిల్ నుంచి తీసిన స్టియరిక్ ఆమ్లంతో చేసినవి చాలా వస్తున్నాయి. అట్ట మీద శాకాహార గుర్తు చూసి కొనుక్కోండి.

---

కెమిస్ట్రీ_మాస్టారు · నవంబర్ 12

మన గోద్రెజ్ వాళ్ళు వందేళ్ళ కిందటే జంతు కొవ్వు లేకుండా సబ్బు చేసి అమ్మారు. స్టియరిక్ ఆమ్లం 18 కార్బన్ల గొలుసు. పామాయిల్ నుంచి వచ్చినా జంతు కొవ్వు నుంచి వచ్చినా అణువు అదే, నురగలో తేడా రాదు. తేడా అంతా దానితో పాటు వచ్చే మిగతా ఆమ్లాలది. మీరేమీ కోల్పోవడం లేదు.

---

మేడవాక్కం_నెల్లూరోడు · నవంబర్ 12

మాది చేపల పులుసు లేనిదే ఆదివారం గడవని ఇల్లు, మాకా పట్టింపు లేదు. నాన్నకైతే అసలే లేదు.

---

స్వామి_శరణం_ఆవడి · నవంబర్ 13

నేను కార్తీకంలో మాల వేసుకున్నాను. జ్యోతి దర్శనం అయ్యి మాల తీసేదాకా గడ్డం ముట్టుకోను. కాబట్టి ఈ చర్చ మొత్తం చదివి నేర్చుకుంటున్నాను. అప్పటికి గడ్డం బాగా పెరిగి ఉంటుంది, మొదటి షేవ్ సబ్బుతోనే చేస్తాను. మోచేతి పరీక్ష ఫలితం తప్పక రాయండి స్వామీ.

---

మేడవాక్కం_నెల్లూరోడు · నవంబర్ 16, ఆదివారం

రిపోర్టు.

లక్ష్మి అక్క చెప్పినట్టు పైపొర గీకాను. గీకిన పొడి గోధుమరంగు, కింద తేలిన సబ్బు దంతం రంగులో ఉంది. మచ్చలు లేవు. మోచేతి మీద రెండు రోజులు చూశాను, దురదా ఎరుపూ ఏమీ రాలేదు.

మాస్టారు చెప్పిన నాలుగు పరీక్షలు నిన్న రాత్రి చేశాను. ప్రతిసారీ ఒక నిమిషం తిప్పాను. పాత సబ్బు, బోరు నీళ్ళు: మళ్ళీ అదే తరక. పాత సబ్బు, క్యాను నీళ్ళు: తరక లేదు, పలచటి నురగ వచ్చింది, గిన్నెలో వేస్తే నిమిషంలో చప్పబడి నీళ్ళయింది. కొత్త బిళ్ళ, బోరు నీళ్ళు: నురగ వచ్చింది గానీ మెరుపు లేదు, వేళ్ళ మధ్య గరగరలాడింది. కొత్త బిళ్ళ, క్యాను నీళ్ళు: చిక్కటి మీగడ. అంటే మాస్టారూ, ఇద్దరూ దొంగలే!

ఆ తర్వాత పాతకత్తి అన్న చెప్పినట్టు క్యాను నీళ్ళు వెచ్చబెట్టి సబ్బు మీద పోసి పదిహేను నిమిషాలు ఆగాను. అప్పుడు జరిగింది కాస్త వివరంగా రాయాలి. పోసిన కాసేపటికి ఏ వాసనా లేదు. ఐదు నిమిషాలకు సబ్బు అంచున చిన్న బుడగ ఒకటి లేచి పగిలింది, దాంతో లవంగం వాసన. ముందు లవంగం, వెనకే దాల్చినచెక్క లాంటిది, ఆ తర్వాత తియ్యగా ఇంకేదో. నేను మగ్గు మీదకి వంగి చూస్తూ ఉండగా వంటింట్లోంచి అమ్మ, "ఇవాళ ఏం పండగరా?" అని కేకేసింది. నేను మగ్గు బయటికి తీసిన సంగతే ఆమెకు తెలియదు.

గిన్నెలో వేసిన నురగ ఎనిమిది నిమిషాలు నిలబడింది. ఇంకా గీసుకోలేదు.

---

కెమిస్ట్రీ_మాస్టారు · నవంబర్ 16

శభాష్. ఎంతమంది పిల్లలకు ఈ ప్రయోగం చెప్పానో, ఇంత శ్రద్ధగా చేసినవాడు అరుదు.

సుగంధంలో తేలికవి, నారింజ నిమ్మ లాంటివి, ఏళ్ళ తరబడి ఆవిరైపోతాయి. లవంగంలో ఉండే యూజినాల్ బరువైనది, సబ్బులో చిక్కుకుని మిగిలింది. వెచ్చటి నీళ్ళు దాన్ని విడిపించాయి.

క్యాను నీళ్ళు చాలు. అయినా కావాలంటే మా విల్లివాక్కం మెట్రో నీళ్ళు, అంటే నగర కుళాయి నీళ్ళు, ఒక సీసా ఇస్తాను, బోరుతో పోలిస్తే ఎంతో మెత్తన. 1983లో కుదిరిన తెలుగు గంగ ఒప్పందం వల్ల కండలేరు నుంచి పూండి చెరువుకి కృష్ణ నీళ్ళు రావాలి, ఏటా 12 టీఎంసీలు. మొదటిసారి 1996లో వచ్చాయి. మీ నెల్లూరు జిల్లా మీదుగా వచ్చిన నీళ్ళే మా కుళాయిలో కలుస్తాయి. అన్నిటికన్నా మెత్తని నీళ్ళు మాత్రం వాననీళ్ళు. ఇది వానల కాలమే కదా. మొదటి పావుగంట వాన వదిలెయ్, గాల్లో దుమ్ము కడుక్కుపోతుంది. తర్వాత కప్పు మీది నీళ్ళు కాకుండా ఆకాశం కింద స్టీలు గిన్నె పెట్టి పట్టు.

---

పెరంబూరు_లక్ష్మి · నవంబర్ 17

తమ్ముడూ, ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆ సబ్బు వాడితే అయిపోతుంది కదా. అలాగే దాచుకోవాలని అనిపించలేదా? మా తాతగారి పొడుం డబ్బా నా దగ్గర ఉంది, నేను మూత కూడా తీయను.

---

పాతకత్తి · నవంబర్ 17

నేను వాడమనే చెప్తాను. దాచినా సబ్బు ఎండుతుంది, పగులుతుంది, ఒకరోజు మనవళ్ళు అదేంటో తెలియక పారేస్తారు. నా దగ్గర దాచిపెట్టి పాడైపోయిన సబ్బులు రెండున్నాయి, అవి చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

---

మేడవాక్కం_నెల్లూరోడు · డిసెంబర్ 1

అక్కా, మీ ప్రశ్నకు రెండు వారాలు జవాబు రాయలేకపోయాను. రాత్రీ పగలూ అదే ఆలోచన.

నిన్నటి నుంచి వాన కదా. బాల్కనీ అవతల కడ్డీకి స్టీలు గిన్నె కట్టి పట్టాను. లీటరు పైనే వచ్చింది. పొద్దున ఆ నీళ్ళతో చేశాను. స్నానం, తడి గడ్డం, పదిహేను నిమిషాల నానబెట్టడం, బ్రష్ విదిలించి అదిమి తిప్పడం, ఎవరెవరు ఏం చెప్పారో అన్నీ. మూడోసారి నీటిచుక్కలు కలిపేసరికి నురగకు మెరుపొచ్చింది. సెలూన్ అన్న చెప్పినట్టు వేళ్ళ మధ్య రుద్దాను, వేలు నిలబడలేదు. వెంట్రుక వాలు వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఎదురు గీకలేదు. తర్వాత పటిక రాస్తే ఎక్కడా మండలేదు, ఒక్క గాటు లేదు.

ఇక దాచడమా వాడటమా అన్నది. ఆరబెడదామని మగ్గు బోర్లిస్తే సబ్బు బిళ్ళ మొత్తం ఊడి అరచేతిలో పడింది. గుండె ఆగినంత పనైంది! ఎండి కుంచించుకుపోయి అంచులు వదిలేసిందని తర్వాత అర్థమైంది. ఎలాగూ చేతికొచ్చింది కదా అని, మూడు రోజులు ఆరాక, బంగారం తూచే చిన్న తూకం మీద పెడతాను.

---

పాతకత్తి · డిసెంబర్ 1

భయపడకు, పాత బిళ్ళలన్నీ అలాగే వదులుతాయి. తూచాక అడుగు కొంచెం తడిపి, మగ్గులో పెట్టి బొటనవేలితో నొక్కు. రాత్రికి పట్టుకుంటుంది.

---

మేడవాక్కం_నెల్లూరోడు · డిసెంబర్ 7

తూచాను. 58 గ్రాములు. మళ్ళీ ఒక షేవ్ చేసి, మూడు రోజులు ఆరబెట్టి తూచాను. 57.6. ఒక షేవ్ కు 0.4 గ్రాములు.

అంటే దాదాపు 145 షేవ్ లు. రోజూ వాడితే ఐదు నెలల్లో ఖాళీ. నాన్నలాగే సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి, ఇంట్లో ఒకటో రెండో శుభకార్యాలకి వాడితే ఏడాదికి ఐదు. 29 ఏళ్ళు వస్తుంది. నాకిప్పుడు 41, మావాడికి ఆరు. లక్ష్మి అక్కా, ఇదీ నా జవాబు. మిగతా రోజులకు కొత్త బిళ్ళ కొనుక్కున్నాను, వాననీళ్ళు రెండు సీసాలు నింపి పెట్టుకున్నాను.

---

పెరంబూరు_లక్ష్మి · డిసెంబర్ 7

చాలా బాగుంది తమ్ముడూ. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

---

స్వామి_శరణం_ఆవడి · జనవరి 18

జ్యోతి దర్శనం అయ్యింది, నిన్న మాల తీశాను. గడ్డం ముందు కత్తెరతో కురచ చేయించి, శాకాహార గుర్తున్న కొత్త సబ్బుతో, క్యాను నీళ్ళతో చేశాను. ఇన్ని రోజుల గడ్డం పీకకుండా దిగిపోయింది. మాస్టారికీ సెలూన్ అన్నకూ ధన్యవాదాలు. మైలాపూర్ ఆయనా, మీరూ ధైర్యంగా మొదలుపెట్టొచ్చు.

---

మేడవాక్కం_నెల్లూరోడు · జనవరి 18

సంక్రాంతి పొద్దున మగ్గు తీశాను. ఈసారి ఒకటి కనిపెట్టాను. నేను కుడిచేతివాణ్ణి కదా, మగ్గు ఎడమచేత్తో పట్టి బ్రష్ కుడిచేత్తో తిప్పుతుంటే ప్రతిసారీ గుంట గట్టుకి తగిలి బ్రష్ జారిపోతోంది. చేతులు మార్చి చూశాను. మగ్గు కుడిచేతిలో, బ్రష్ ఎడమచేతిలో. బ్రష్ వెళ్ళి ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది. వంకరగా, నెమ్మదిగా తిప్పాను గానీ ఇరవై సెకన్లలోనే ముద్ద చేరింది.

---

చూళైమేడు_సెలూన్ · జనవరి 20, మంగళవారం

బ్రష్ ఎడమచేత్తో ఎంతసేపు తిప్పినా ఫరవాలేదు సార్. రేజర్ మాత్రం కుడిచేత్తోనే పట్టండి.